ఎర్రదారం చెండు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు మంచిది. ఈ అధ్యాయం మొదలుపెట్టినప్పుడు కోపంగానే ఉన్నాను, ఇప్పటికీ తగ్గలేదు. అరవై దాటినదాన్ని, ముప్పై ఏళ్లు బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాలుగు పుస్తకాలు అచ్చు వేయించుకున్నదాన్ని, మొన్న బాన్సువాడలో మా అక్క ఇంటి ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, టీవీలో పరుగెత్తే బొమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. వాటిలో సగం మా అవ్వ తిట్లు. మా అమ్మను మేం అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. ఆమె తిట్లు నాకింకా అంత బాగా గుర్తున్నాయని ఆ సాయంత్రం దాకా నాకే తెలియదు.

అక్కకు నిజామాబాద్ దవాఖానలో మోకాలి ఆపరేషన్ జరిగి ఇరవై రోజులు దాటింది. కుడి మోకాలు. చిన్నప్పుడు ఏ కాలితో చెండు తన్నేదో ఆ కాలే. ఆట ఆడి అరిగిపోయిన మోకాలైతే నాకింత బాధ ఉండేది కాదు. నలభై ఏళ్లు నేల మీద కాలు మడిచి కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడితే అరిగింది. నేను నిజామాబాద్‌లోనే ఉంటాను కాబట్టి నాలుగు రోజులు తోడుగా ఉండి వద్దామని వెళ్లాను. అది పైకి చెప్పిన మాట. అసలు సంగతి, అక్కకు చెప్పవలసిన మాట ఒకటి యాభై ఏళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. ఒక చెండుకు ఎర్రదారం చుట్టింది ఎవరన్నదే ఆ మాట. వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆ దారంతో అక్క ఆట ఆగింది, చదువు ఆగింది, ప్రాణానికి ప్రాణమైన దోస్తుతో మాటలు ఆగిపోయాయి. ఇప్పుడు మంచం మీద ఉంది, మాట నచ్చకపోతే లేచి వంటింట్లోకి పోయే వీలు లేదు, కాబట్టి ఈసారి చెప్పేయాలనుకున్నాను. రెండు రోజులు గడిచాయి. పాలు కాచి ఇచ్చాను, మందులు వేశాను, ఊళ్లో వాళ్ల సంగతులన్నీ మాట్లాడాను. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

మూడో రోజు సాయంత్రం అక్క మనవరాలు శ్రీజ ఒక నల్లటి డబ్బా తెచ్చి టీవీకి తగిలించింది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల. వాళ్ల నాన్న, అంటే అక్క కొడుకు, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగు చేసే దుకాణం నడుపుతాడు. ఎవరో పాత గేము డబ్బా బాగు చేయమని ఇచ్చి, ఈలోగా కొత్తది కొనుక్కుని, దీన్ని ఆయనకే వదిలేసి పోయారట. దాంతోపాటు రెండు చేతులతో పట్టుకునే రిమోట్లు రెండు వచ్చాయి. ఒకటి తను పట్టుకుని ఇంకొకటి నా చేతిలో పెట్టింది.

"చిన్న నాయనమ్మా, ఫుట్‌బాల్ గేమ్. నువ్వు మ్యాచులు చూస్తవు గద, జర ఆడి చూడు. మస్తుంటది."

నేను చూసే మ్యాచులు ఎన్నని. క్రికెట్ అయితే చివరి రెండు ఓవర్లు. ఫుట్‌బాల్ అయితే నాలుగేళ్లకోసారి ప్రపంచ కప్పు వచ్చినప్పుడు, చొక్కా రంగు నచ్చిన జట్టు తరఫున చేరి, వాళ్లు ఓడితే రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరుగుతాను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ముగ్గురు చెప్పారు, ముగ్గురికీ అర్థమైనట్టు తలూపాను. అయినా చూసేవాళ్లకు ఉండే ధీమా నాకూ ఉంది. అంత పెద్ద గోలు ముందు నిలబడి గురి తప్పినవాణ్ణి చూస్తే, నేనైతే కొట్టేదాన్ననిపిస్తుంది. సరే ఇవ్వమన్నాను.

"మొగోళ్లవా, ఆడోళ్లవా?" అని శ్రీజ అడిగింది.

"ఏంటి?"

"టీములు. ఆడోళ్ల టీములు గూడ ఉన్నయి."

ఉన్నాయి. శ్రీజ బొటనవేలు మూడుసార్లు కదిపింది, పదకొండు మంది ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని, జుట్టు వెనక్కి బిగించి కట్టుకుని మైదానంలోకి నడిచి వచ్చేశారు. వాళ్లు ఎవరినీ అడగలేదు. ఎవరి బాపూ గుమ్మంలో నిలబడలేదు. చుట్టూ వేల మంది చప్పట్లు. నాకు మొదటి మంట అక్కడ అంటుకుంది. ఇంత తేలికా అనిపించింది. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న అక్క వైపు చూశాను. ఆమె టీవీనే చూస్తోంది. ఎడమచేత్తో దుప్పటి అంచు పట్టుకుని, వేళ్ల మధ్య చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. చాట వదిలి నాలుగేళ్లయినా ఆ వేళ్లకు ఆ సంగతి తెలియలేదు.

ఆట మొదలైంది. నేను ఒక అమ్మాయిని ముందుకు పంపిస్తే ఇంకొకతి పరుగెత్తేది. చెండు ఒక మూల ఉంటే నా మనిషి ఇంకో మూల గడ్డిలో నిలబడి చేతులు నడుముకు పెట్టుకునేది. తన్నమంటే నెట్టేది, నెట్టమంటే కింద పడేది. ఎవరో ఇంగ్లీషాయన ఆపకుండా మాట్లాడుతున్నాడు, ఆ గొంతులో వెటకారం నాకు బాగానే అర్థమైంది. సగం ఆట అయ్యాక రెండు జట్లూ వైపులు మార్చుకుంటాయన్న సంగతి నాకు తట్టలేదు. ఒక్కసారి చెండు నా కాలికి చక్కగా చిక్కింది, ఎవరూ అడ్డం రాలేదు, రొమ్ము విరుచుకుని పరుగెత్తించాను. తీరా గోలు దగ్గరికి పోయాక చూస్తే అక్కడ నిలబడింది నా జట్టు పిల్లే. శ్రీజ మనిషి వచ్చి నా కాళ్ల దగ్గర్నుంచి చెండు తీసుకుని, ఆ గోల్లోనే వేసి, చేతులు చాపి తిరిగింది. శ్రీజ మంచం పట్టె మీద పడి నవ్వింది.

"నీ ఆట పాడుగాను! నీ కాళ్లకు చీము పట్టా!" అని అరిచాను, ఎవరి మీద అరిచానో నాకే తెలియదు. ఆ కసిలో ఏదో మీట నొక్కాను. నా జట్టు పిల్ల ఒకతి గడ్డి మీద జారుకుంటూ పోయి, శ్రీజ మనిషి మడమ మీద తన్ని పడేసింది. నల్లబట్టల మనిషి ఈల వేస్తూ వచ్చి, జేబులోంచి ఎర్రకార్డు తీసి పైకెత్తాడు. నా పిల్ల తల వంచుకుని బయటికి నడిచింది.

మంచం మీద నుంచి అక్క అడిగింది. "గా పోరి ఎటు పోతున్నదే?"

"ఔట్ చేసిండ్రు నాయనమ్మ. తప్పు చేసింది గద."

"ఎవలు తప్పు చేసిండ్రో వాళ్లనే పంపిస్తరా? పక్కనున్నదాన్ని పంపరా?"

"ఎవలు చేసిండ్రో వాళ్లనే. చూడు, మళ్ల చూపిస్తది."

టీవీలో ఇందాకటి తన్ను మళ్లీ మొదలైంది, ఈసారి మెల్లగా, దగ్గరగా. ఎవరి కాలు ఎవరి మడమకు ఎక్కడ తగిలిందో పసిపిల్లలకు కూడా తెలిసేలా చూపించింది. అక్క ముందుకు వంగి చూసింది. "మంచిగున్నది" అంది. "గిట్ల చూపెట్టేటిది మా కాలంల ఉంటే మంచిగుండు."

ఆ మాట అక్క మామూలుగా అంది. నన్ను ఉద్దేశించి కాదు, ఆమెకు తెలియదు కాబట్టి. తెలియకపోవడమే నన్ను కాల్చింది.

మా ఇల్లు పాత బజారు వెనక సందులో ఉండేది. ఆ సందులోకి ఎవరు కొత్తగా వచ్చినా దగ్గు వచ్చేది, మాకు రాదు. ఇంటినిండా తంబాకు వాసన, దాని కింద తడిపిన తునికాకు వాసన, ఆ రెండింటి కింద తడి గోనెసంచి వాసన. ఆకు కట్టలు నీళ్లలో ముంచి గోనెలో చుట్టి పెడితే పొద్దున్నకు మెత్తబడేవి. అవ్వ రేకుముక్క ఆకు మీద పెట్టి దాని కొలతకు కత్తెరతో కత్తిరించేది. ఆ తర్వాత కాళ్లు మడిచి గోడకు ఆనుకుని, చాట ఒళ్లోకి లాక్కుంటే ఇక సాయంత్రం దాకా లేవదు. ఆకులో తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం, ఈ మూడూ ఆమె చేతులు చేసుకుపోతుంటే ఆమె మాత్రం మమ్మల్ని తిడుతూ, ఇరుగుపొరుగుతో మాట్లాడుతూ, పొయ్యి మీద పప్పు మాడిందో లేదో వాసన చూసి చెబుతూ ఉండేది. ఎంత తిట్టినా చేతులు ఆడుతున్నంతసేపూ మాకు భయం లేదు. చేతులు ఆగితే అప్పుడు నిజంగా కోపం వచ్చినట్టు. నా చిన్నతనంలో ఆ చేతులు ఆగడం ఒకటి రెండుసార్లే చూశాను.

ఆకు కత్తిరించగా మిగిలిన తుక్కు పొయ్యిలోకి పోయేది. అందులో మాకు కావలసినంత మేం ముందే తీసుకునేవాళ్లం. ఆ తుక్కును పాత చీర పేలికలో గట్టిగా అదిమి మూటగట్టి, పైన గోనెగుడ్డ వేసి, గోనె నుంచే లాగిన సుతిలితో చుట్టూ బిగించి కట్టి, రెండు రోజులు ఎండలో పెడితే గట్టి చెండు తయారయ్యేది. ఆ పని నాది. నాకు పదేళ్లు, వేళ్లు సన్నం, ముడి బాగా పడేది. తన్నే పని అక్కది, ఆమెకు పదిహేను. లచ్చక్క తంతే ఆ తుక్కు చెండు బడి గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరి కాలువగట్టు దాకా పోయేది. ఆమె ఎదురుగా రెండు రాళ్ల మధ్య గోలు కాసేది గంగామణి. మా సందు చివరి ఇల్లు వాళ్లది. వాళ్లూ బీడీలే చుట్టేవాళ్లు, మేం ఇచ్చే కార్ఖానాకే ఇచ్చేవాళ్లు. ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే సద్దిగిన్నె. అక్క తన్నిన చెండు ఎవరి చేతికైనా చిక్కుతుందంటే గంగామణి చేతికే.

బడిలో డ్రిల్లు సారు హైదరాబాద్ నుంచి వచ్చినవాడు. మగపిల్లలకు తోలు బంతితో ఫుట్‌బాల్ నేర్పేవాడు. ఒకరోజు పక్క ఊరు వర్ని బడి పిల్లలు మ్యాచికి వచ్చినప్పుడు బంతి బయటికి పోతే, అక్క దాన్ని తిరిగి లోపలికి తన్నింది. సారు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. ఆ మర్నాటి నుంచి సాయంత్రం అరగంట ఆడపిల్లలకు గ్రౌండు ఇచ్చాడు. తోలు బంతి మాత్రం ఇవ్వలేదు, మా తుక్కు చెండుతోనే ఆడించాడు. నిజామాబాద్‌లో ఆడపిల్లల జట్టుకు ఎంపిక ఉందని, లక్ష్మినీ గంగామణినీ తీసుకుపోతానని చెప్పాడు. అవ్వ వినీ విననట్టు ఊరుకుంది. బాపు రైసు మిల్లులో బస్తాలు తూచేవాడు, ఒంటినిండా ఊక పొట్టుతో వచ్చి, కాళ్లు కడుక్కుని, రొట్టె తిని పడుకునేవాడు. ఆయన వద్దనలేదు. మా ఇంట్లో వద్దనకపోవడమే ఒప్పుకోవడం.

సుతిలితో వచ్చిన చిక్కు ఏమిటంటే అది తొందరగా వదులయ్యేది. నాలుగు తన్నులకు చెండు పొట్ట విచ్చుకుని తుక్కు రాలేది. నిజామాబాద్ పోవడానికి వారం ఉంది, అక్క రోజూ విసుక్కునేది. బీడీ దారమైతే ఊడదు. అది సన్నంగా, గట్టిగా ఉండేది. కానీ బీడీ దారం బీడీకి తప్ప ముట్టుకోకూడదు. మా ఇళ్లలో ఆ దారంతో పూలు కూడా కట్టేవాళ్లు కాదు, తెగిన గుండీ కుట్టేవాళ్లు కాదు. అది కార్ఖానావాళ్లది, వేరే దేనికి వాడినా దొంగతనమే. పైగా ఏ కార్ఖానా దారం రంగు ఆ కార్ఖానాది. మాది ఎరుపు. బడి వెనకున్న మా కార్ఖానాకు మా సందులో ఎర్రదారంతో చుట్టే ఇళ్లు రెండే, మాదీ గంగామణి వాళ్లదీ. ఇదంతా నాకు తెలుసు. పదేళ్ల పిల్లకు తెలియదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఒక మధ్యాహ్నం అవ్వ నీళ్లకు పోయినప్పుడు ఉండలోంచి దారం లాగి, చెండు చుట్టూ బీడీకి చుట్టినట్టే ఒత్తుగా చుట్టాను. దాని మీద గోనెపీలిక కప్పాను. అక్కకు చెప్పలేదు. రేపు తన్ని చూసి, ఇంత గట్టిగా ఎవరు కట్టారని తనే అడగాలని నా ఆశ.

మర్నాడు అక్క తన్నింది. అంత గట్టి చెండు ఆమె కాలికి ఎప్పుడూ తగిలి ఉండదు. అది గంగామణి తల మీదుగా పోయింది, గోడ దాటింది, కార్ఖానా వాకిట్లో పడింది. అది ఆడవాళ్లు గంపలు పట్టుకుని వరసలో నిలబడి బీడీలు ఇచ్చే వేళ. బీడీలు లెక్కచూసి తీసుకునే గుమాస్తా మునీం ముందున్న బల్ల మీద పడి, ఏరి పెట్టిన కట్టలన్నీ చెల్లాచెదురు చేసింది. పైన పీలిక ఊడిపోయి ఎర్రదారం బయటపడింది. చెండు చేతిలో పట్టుకుని మునీం మా ఇంటికి వచ్చేసరికి సందంతా వెనకాల ఉంది. బాపు మిల్లు నుంచి అప్పుడే వచ్చాడు.

"కార్ఖానా దారంతోటి ఆటలా?" అన్నాడు మునీం. "రెండిండ్లే ఉన్నయి. ఎవలు తీసిండ్రో చెప్పాలె, లేకుంటే రెండిండ్ల బీడీ కార్డులూ పోతయి, పని బందయితది."

"లచ్చీ, నువ్వు తీసినవా?" అన్నాడు బాపు.

"నాకు తెల్వది బాపు. నేను ముట్టుకోలే."

అక్క చెప్పింది నిజం. ఒక్కరూ నమ్మలేదు. నేను దర్వాజ పక్కన నిలబడి ఉన్నాను, దర్వాజ చెక్క పట్టుకుని. అవ్వ చేతులు ఆగిపోయాయి. చాటలో సగం చుట్టిన బీడీ అలాగే ఉంది. నేనే అని ఒక్క మాట అంటే రెండు దెబ్బలతో పోయేది. పదేళ్ల పిల్ల తెలియక చేసిందని మునీం కూడా నవ్వి పోయేవాడేమో. నేను అనలేదు. బాపు తలెత్తి మునీం ముఖం చూడలేదు. "రేపటి సంది ఇది బడికి పోదు, ఇంట్లనే కూసుంటది" అన్నాడు. అంతటితో మునీం చల్లబడ్డాడు. మర్నాడు పొద్దున అవ్వ రెండో చాట తీసి అక్క ఒళ్లో పెట్టింది.

తను ముట్టుకోలేదు, పదేళ్లదాన్ని నాకంత ధైర్యం ఉంటుందని అనుకోలేదు, ఆటలో వదులైన చెండును బిగించేది గంగామణే కాబట్టి, మిగిలింది ఆమే అనుకుంది అక్క. ఎల్లమ్మ తోడు నేను కాదని గంగామణి గడపలో నిలబడి ఏడ్చింది. అక్క తలుపు వేసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ అదే ఊళ్లో పెళ్లిళ్లు చేసుకుని, ముప్పై ఏళ్లకు పైగా అదే కార్ఖానాకు గంపలు మోసి, అదే వరసలో ఒకరికొకరు వీపు పెట్టి నిలబడ్డారు. డ్రిల్లు సారు మగపిల్లల్ని తీసుకుని నిజామాబాద్ పోయాడు. ఆయన ఒక్కసారి మా గడప దాకా వచ్చి అడిగి ఉంటే బాపు మెత్తబడేవాడని నేను ఎన్నోసార్లు తిట్టుకున్నాను. బాపు పోయినా ఆయన మీద నా కోపం పోలేదు. మునీం మీదైతే ఒక కథే రాశాను. అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను. ఒక పత్రికలో అక్క గురించి వ్యాసం రాస్తూ, ఒక స్నేహితురాలి పొరపాటు వల్ల మైదానానికి దూరమైన మా అక్క అని రాశాను. కన్నీళ్లు వచ్చాయని చాలామంది ఉత్తరాలు రాశారు. నేను వాటిని దాచుకున్నాను.

"చిన్న నాయనమ్మా, నీకు పది మందే మిగిలిండ్రు, ఆడు" అని శ్రీజ మోచేత్తో పొడిచింది.

నేను రిమోటు ఒళ్లో పెట్టుకున్నాను. "నువ్వు బయట ఎందుకు ఆడవే ఇది?" అని ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాను. చెప్పవలసింది చెప్పలేక ఇంకెవరి మీదో అరవడం నాకు అలవాటైపోయింది.

"ఏడ ఆడాలె? మా కాలేజీ దుకాణాల మీద ఉన్నది, గ్రౌండే లేదు. బడి గ్రౌండ్ల పోరగాళ్లు క్రికెట్ ఆడుతుంటరు. మేం పోతే అందరు నిలబడి చూస్తరు."

అప్పుడు అరగంటైనా గ్రౌండు ఇచ్చారు, ఇప్పుడు టీవీలో ఎంతసేపైనా ఇస్తున్నారు. మైదానం మాత్రం అప్పుడూ వీళ్లది కాదు, ఇప్పుడూ కాదు. ఆ ఉడుకులోనే నా నోరు తెరుచుకుంది. "అక్కా, బాపు నిన్ను ఆడనియ్యలే. ఆయన మీద నాకింకా కోపం పోలే. ఆ మునీం మీద పోలే, ఆ సారు మీద పోలే..."

"మళ్ల షురూ చేసినవా?" అంది అక్క, టీవీ మీంచి చూపు తిప్పకుండా. దుప్పటి అంచు చుడుతూనే ఉంది.

"ఆ దారం నేను కట్టిన."

అక్క వేళ్లు ఆగాయి. దుప్పటి అంచు సగం చుట్టి అలాగే ఉండిపోయింది.

"ఏ దారం?" అంది. ఏ దారమో ఆమెకు తెలుసు.

"చెండుకు. ఎర్రదారం. నువ్వు మెచ్చుకుంటవని కట్టిన. గంగామణి కాదు. బాపు అడిగిన నాడు దర్వాజ కాడ ఉన్న, భయానికి చెప్పలే. తర్వాత చెప్పలే. ఎప్పుడూ చెప్పలే."

అక్క నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె నా ముఖం చూసింది, బీడీలో తంబాకు సరిగ్గా పడిందో లేదో చూసినట్టు చూసింది.

"నువ్వు రాసిన కాగితం నా పెట్టెల ఉన్నది" అంది చివరికి. "ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట సదివిన. స్నేహితురాలి పొరపాటు అని రాసినవు. నేను అది పట్టుకొని గంగామణి ఇంటి ముంగటికెల్లి తల ఎత్తి నడిసిన. ఎన్నేండ్లే సత్తీ? ఎన్నేండ్లు?"

"అక్కా..."

"ఊకో. ఎప్పుడొచ్చినా బాపు మీద కోపం, మునీం మీద కోపం, సారు మీద కోపం. నా దిక్కు నువ్వే కోపానికొస్తివి. నాకోసం ఎంత కోపమొస్తది మా సత్తికి అనుకుంటి. ఆఖరికి నా కోపం గూడ నువ్వే తీసుకుంటివి గదనే. నాకు ఏం మిగిలిస్తివి?"

నా జీవితంలో నన్ను చాలామంది విమర్శించారు. రాతలో పస లేదన్నారు, నోరు దురుసన్నారు. ఏ ఒక్కరూ ఇంత సరిగ్గా కొట్టలేదు. ఏడుద్దామంటే కూడా సిగ్గేసింది. నేను ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చవలసి వస్తుంది, ఆ పని కూడా ఆమె మీదే పడుతుంది.

"శ్రీజా" అంది అక్క. "వెనక సందుల గంగామణి నాయనమ్మ ఇల్లు ఎర్కేనా? పోయి పిలుచుకరా. లచ్చి రమ్మన్నదని చెప్పు. అడిగితే, దారం సంగతి అని చెప్పు."

శ్రీజ ఆటను అలాగే ఆపేసి చెప్పులు వేసుకుని పోయింది. టీవీలో పిల్లలందరూ ఎక్కడివాళ్లు అక్కడ కాలెత్తి, చేయి చాపి నిలబడిపోయారు. నేను మంచినీళ్లు ఇస్తే అక్క తీసుకోలేదు. పావుగంటకు గడప దగ్గర చెప్పుల చప్పుడైంది. శ్రీజ వెనకాల వచ్చిన గంగామణి పొట్టిగా, బక్కగా అయిపోయింది. జుట్టంతా తెల్లబడింది. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి, ఆడదానికి అంత పెద్ద అరచేతులు నేనెక్కడా చూడలేదు. లోపలికి రాకుండా గడప బయటే నిలబడింది.

"ఏందే లచ్చీ" అంది. "ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా?"

"దారం నువ్వు కట్టలేదట."

"నేను గప్పుడే చెప్తిని గద."

"చెప్తివి."

"మరి?"

"నమ్మకపోతిని" అంది అక్క. తల దించలేదు. "సత్తి కట్టిందట. ఇగో, ఇప్పుడు చెప్తున్నది."

గంగామణి నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయాలంటే నాకు చేతకాదు. అందులో తిట్టు ఉంటే రాసేదాన్ని. ఆమె చూపు నా మీదుగా పోయి, గోడకు ఆనించి ఉన్న అక్క చేతికర్ర మీద, అక్క మోకాలి కట్టు మీద ఆగింది.

"కాలు ఎట్లున్నదే?" అంది.

"మడవనీకి వస్తలేదు. తన్ననీకి ఎట్లొస్తది? గందుకే చేతుల్తోటి ఆడుదమని పిలిచిన. లోపలికి రా."

గంగామణి గడప దాటింది. గదిలో ఉన్న కుర్చీ ఒకటే, అందులో నేనున్నాను. అక్క శ్రీజ మంచం మీద వదిలేసి పోయిన రిమోటు అందుకుని, బొటనవేళ్లతో మీటలు తడిమి చూసుకుంది. ఏ ఆకులో ఎంత తంబాకు పడుతుందో చూడకుండానే తెలిసిన వేళ్లు. తర్వాత నా వైపు చెయ్యి చాపింది. నా ఒళ్లో ఉన్నదాని కోసం.

"అది గంగామణికియ్యి" అంది. "నువ్వు ఆడింది సాలు. లెవ్వు."

లేచాను. ఇంకెక్కడ నిలబడాలో తెలియక, దర్వాజ పక్కన నిలబడ్డాను.